జాబితాలో లేని పేర్లు

ఆరేళ్ల క్రితం అనంతపురం జిల్లాలోని ఒక పల్లెలో ఒకామె ట్రంకుపెట్టెలోంచి ప్లాస్టిక్‌ సంచి తీసి నా ముందు పెట్టింది. పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు, ప్రోనోట్ల నకళ్లు, రేషన్‌కార్డు జిరాక్సు. 2005 చివర్లో పురుగుమందు తాగి చనిపోయిన భర్త తాలూకు కాగితాలవి. “వాళ్లడిగినేటివన్నీ ఇచ్చినామ్మా. వాళ్లేం రాసుకున్న్యారో మాత్రం మాకు చెప్పలా” అంది. ఆమెకు పరిహారం రాలేదు. ఎందుకు రాలేదో తెలియదు.

సాహిత్యం చదువుకున్న నాకు జీ.వో.లు చదివే అలవాటు లేదు. ఆమె కోసమే 421 నంబరు జీ.వో. చదివాను. 1997-98లో వరంగల్‌ పత్తి రైతుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కుదిపేశాయి. తర్వాతి కరువేళ్లలో అనంతపురం వేరుశనగ రైతులదీ అదే కథ అయింది. 2004 జూన్‌ 1న అప్పుడే ఏర్పడిన కొత్త ప్రభుత్వం ఆ ఉత్తర్వు ఇచ్చింది. కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి 50 వేలు. అర్హత తేల్చేది ఆర్‌.డి.ఓ., డి.ఎస్‌.పి., వ్యవసాయశాఖ సహాయ సంచాలకులు ఉన్న కమిటీ. రైతు చావులో తన బాధ్యత కూడా ఉందని రాజ్యం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

అయితే ఆ సాయం తన గడపదాకా రావాలంటే ఆమె ఏమేం నిరూపించాలి? భర్త రైతేనని, అప్పు సేద్యానికే చేశాడని, ఆ అప్పే చంపిందని. భూమి మామ పేరున ఉంటుంది. లేదా కౌలుది, ఆ కౌలు నోటిమాట. పైగా తాగేవాడా, ఇంట్లో గొడవలున్నాయా, కూతురి పెళ్లికి అప్పు చేశారా అన్న ప్రశ్నలు. ఇల్లూ సేద్యమూ వేర్వేరు ఖాతాలుగా నడవవని ఏ రైతు ఇల్లాలిని అడిగినా చెబుతుంది. ఆమె సంసారమంతా బహిరంగమైంది. కమిటీ తీర్పు మాత్రం ఫైల్లోనే ఉండిపోయింది.

2005 అక్టోబరులో సమాచార హక్కు చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చింది. రాయితీ పథకాల సొమ్ము, లబ్ధిదారుల వివరాలు ప్రభుత్వమే వెల్లడించాలంటుంది నాలుగో సెక్షన్‌. ఆ సూత్రాన్ని ఈ పరిహారానికి వర్తింపజేసినా లబ్ధిదారుల జాబితాలో కనిపించేది డబ్బు అందినవాళ్లే. కాదనిపించుకున్న ఆడవాళ్లు అందులో ఉండరు. ఇక తానే సేద్యం చేసి, తానే అప్పుపడి చనిపోయిన స్త్రీ సంగతేమిటి? పట్టా లేదు కాబట్టి ఆమె రైతు కాదు. ఆమె చావు ‘కుటుంబ కలహాలు’ అవుతుంది.

తర్వాత మొత్తాలు పెరిగాయి. 2015లో తెలంగాణ ఆరు లక్షలకు, 2019లో ఆంధ్రప్రదేశ్‌ ఏడు లక్షలకు పెంచాయి. 2018లో తెలంగాణ తెచ్చిన రైతుబీమా చావుకు కారణం నిరూపించే అవస్థ తీసేసింది. కానీ పట్టా ఉండాల్సిందే.

అన్ని జాబితాలూ ఊరి చావడిలో అంటిస్తే సరిపోతుందని నేననుకున్నాను. ఆమె ఒప్పుకోలేదు. పక్కింటామెకు డబ్బొచ్చిన సంగతి ఆమెకంటే ముందు అప్పులవాళ్లకీ, అత్తింటివాళ్లకీ తెలిసిందట. అప్పుడర్థమైంది, మనం అడగాల్సింది విధవ బతుకులోని పారదర్శకత కాదు, కమిటీ నిర్ణయంలోని పారదర్శకత అని. నిర్ణయానికి కారణాలు బాధితులకు తెలపాలని అదే సెక్షన్‌ చెబుతోంది. ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని కాదన్నారు, ఎందుకు కాదన్నారు? వీటిని పేర్లు లేకుండా అందరికీ చెప్పొచ్చు. ఆమె కారణాన్ని ఆమెకు, ఆమె చదవగల తెలుగులో ఇవ్వాలి.

ఇద్దరం కూర్చుని దరఖాస్తు రాశాం. ఫైలు దొరకడం లేదని జవాబొచ్చింది. అప్పీలు మీద కూడా ఆమే సంతకం చేసింది. డబ్బు మీద ఆశ ఆమెకిప్పుడు లేదు. తన భర్త గురించి, తన గురించి ఏం రాశారో చదవాలి. అది ఆమె హక్కు.