మైకు ముందు నాయిన

మా నాయిన కుడిచేతిలో లావుపాటి చిర్ర, ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల. చెక్క చట్రానికి తోలు ఎక్కించేది ఆయన, చింతగింజల జిగురు కాచేది అమ్మ. నేను బడిలో చెప్పే చరిత్రలో ఆ జిగురు ఊసే లేదు.

చావుకొక దెబ్బ, జాతరకొక దెబ్బ, చాటింపుకొకటి. తాత వెట్టికి కొట్టిండు. కూలి లేదు, పిలుపు మాత్రం అర్ధరాత్రయినా వచ్చేది. 1994లో ఈదుముడిలో పుట్టిన మాదిగ ఉద్యమం ఆ చాటింపునే పేరుగా పెట్టుకుంది: దండోరా.

2002లో, నేను ఏడో తరగతిలో ఉండగా, పాటల క్యాసెట్ కోసం నాయినను పట్నం పిలిచిన్రు. ముసురు. తోలు మెత్తబడ్డది. మంటకు కాపితేనే డప్పు పలుకుతది. స్టూడియోలో మంట కుదరదన్నరు. బయట గోడపక్క కాగితాలు కాల్చి, కాపుకొని లోపలికి ఉరికిండు. పాట సగానికే మళ్లీ గొంతు దిగింది. పైగా మైకు పగులుతుందని ఆయన్ను మూలకు నిలబెట్టిన్రు. మైకును దూరం జరపొచ్చు గదా! మనిషినే జరిపిన్రు.

అట్ట మీద పాడినోళ్లు, రాసినోళ్లు ఉన్నరు. నాయిన పేరు లేదు.

ఇప్పుడు ఫైబర్ డప్పులొచ్చినయి, మంటతో పనిలేదు. నాయిన ముట్టడు. ఆ క్యాసెట్ నా దగ్గరుంది. రెండో పాటలో, మూలనుంచి, చిర్ర దెబ్బ వినబడుతది.