గొలుసుకట్టు రాత: కవిలె, కడితం, కలం

జపాను వ్రాతకళ ‘షోదో’లో ‘సోషో’ అనే శైలి ఉంది. గీతలను కుదించి, కుంచెను వీలైనంత తక్కువగా ఎత్తుతూ ప్రవాహంగా వ్రాసే పద్ధతి అది. ప్రత్యేకంగా అభ్యసించని జపనీయులకే ఆ రాత చదవడం కష్టం. తెలుగుదేశంలో దీనికి సమీపంగా నిలిచేది కరణాల గొలుసుకట్టు. మొదటిది గురుశిష్య పరంపరలో కళగా నిలిచింది. రెండవది కొలువుతోపాటే మరుగునపడింది.

వ్రాత సామగ్రి

ద్వారకా తిరుమల, ఏలూరు ప్రాంతంలో తాటిచెట్టుకు కొదవ లేదు. ఆకును ఈనె తీసి, ఉడకబెట్టి, ఆరబెట్టి, నునుపుచేసి, సమంగా కత్తిరించి, రంధ్రం పొడిచి త్రాడు గ్రుచ్చేవారు. ఇనుప ఘంటంతో గీసిన గీత మొదట స్పష్టంగా కనబడదు. మసి పూసి తుడిచినపుడే అక్షరం తేలుతుంది. ఇందులో ఒత్తిడిని మార్చి గీతను లావుగా, సన్నగా దిద్దే అవకాశం స్వల్పం. జపాను కుంచెకు ప్రాణం ఆ మార్పే. ఆకు చీలకుండా ఉండేందుకే తెలుగు అక్షరాలు గుండ్రనయ్యాయన్న మాట తరచు వినబడుతుంది. శిలాశాసనాలలోనూ ఆ గుండ్రదనం ఉన్నది కనుక ఆకు ఒక్కదానినే కారణంగా చూపడం తొందరపాటు.

గ్రామ లెక్కలకు తాటాకు కవిలెలతోపాటు కడితం కూడా ఉండేది. గుడ్డకు చింతగింజల జిగురు, బొగ్గుపొడి పట్టించి, మడతలుగా పెట్టి, బలపంతో వ్రాసేవారు. మడతల రూపంలో ఇది జపాను ‘ఒరిహొన్’ను తలపిస్తుంది. అయితే ఒరిహొన్ బౌద్ధసూత్రాలను నిలుపుకొనడానికి వాడినది. కడితం చెరిపి తిరిగి వ్రాయడానికి అనువైనది. ఆకుపై లోహపు మొన గీత గీతకూ ఆగుతుంది. బలపానికి, కలానికి ఆ అవసరం లేదు. చేయి ఎత్తకుండా ఒక అక్షరం కొసను మరొకదానికి కలుపుకొనిపోయే గొలుసు, కడితంపైన, కాగితంపైన బలపడిందని భావించడం సమంజసం.

ఏలూరు కావలి సోదరులు

కాలిన్ మెకంజీ (1754–1821) సేకరణకు వెన్నెముకగా నిలిచినవారు ఏలూరుకు చెందిన కావలి సోదరులు. వెంకట బొర్రయ్య 1803లో చిన్నవయసులోనే మరణించగా, సోదరుడు వెంకట లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించాడు. గ్రామాలలోని దండకవిలెలను పరిశీలించి, వాటి సమాచారాన్ని కైఫీయత్తులుగా కాగితానికెక్కించారు. నేటి స్థానిక చరిత్రకారులు ఆధారపడే కైఫీయత్తుల వెనుక, కరణాల చేతిరాతను చదువగలిగిన కన్ను ఉన్నదన్నమాట. మెకంజీ పేరు ప్రసిద్ధమైనంతగా ఆ కన్ను ప్రసిద్ధం కాలేదు.

కొలువు పోయిన తరువాత

1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వంశపారంపర్య కరణీకాన్ని రద్దుచేసింది. తన భూమి లెక్కను రైతు తాను చదువుకోలేకపోవడం కూడా కరణం అధికారంలో భాగమే. ఆ దృష్టితో రద్దు సమర్థనీయం. అయితే రాతను చదివే విద్య కొలువునుండి విడివడి బడికిగాని, పరిశోధనాలయానికిగాని తగినంతగా చేరలేదు. జపానులో చేతికాగితం ‘వాషి’ తయారీకి 2014లో యునెస్కో గుర్తింపు లభించింది. అక్కడ కాగితం చేసేవారు, దానిపై వ్రాసేవారు, వ్రాత నేర్పేవారు పరస్పరం ఆధారంగా ఉన్నారు. ఇక్కడ గొలుసుకట్టుకు ఆధారం జీతమొక్కటే.

తాటాకు కావ్యాల గతి వేరు. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు వంటి సంస్థలు వాటిని సేకరించాయి, పండితులు పరిష్కరించారు, అచ్చు వాటికి రెండవ జన్మనిచ్చింది. శిస్తు, సరిహద్దులు, ఇనాములు, చెరువుల మరమ్మతులు నమోదైన గ్రామ లెక్కలకు అంతటి పరిష్కర్తలు దొరకలేదు. పద్యానికి ఛందస్సు తోడుంటుంది, చెడిన అక్షరాన్ని ఊహించవచ్చు. పొలం హద్దును అలా ఊహించడానికి వీలులేదు.