కళ్లద్దాలకు 250 రూపాయలు

చీరాల ప్రాంతంలో చేనేత సహకార సంఘంలో గుమస్తాగా పనిచేశాను. మజూరీ (నేత కూలి) పుస్తకం, పొదుపు నిధి (థ్రిఫ్ట్ ఫండ్) ఖాతా, నూలు లెక్క నా చేతిమీదుగానే నడిచేవి. ఆరోగ్య బీమా మా చేనేత ఇళ్లకు ఎలా వచ్చిందో రాసి ఉంచాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. అంతకుముందు ఆసుపత్రి ఖర్చు పడితే నేతగాడు చెయ్యి చాచేది నూలు ఇచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ దగ్గరే. ఆ బాకీ తీరేదాకా ఆయన చెప్పిన మజూరీకే నెయ్యాలి. జబ్బు నయమైనా ఆ కట్టుబాటు మాత్రం ఏళ్ల తరబడి ఉండిపోయేది.

2003లో కేంద్రం సార్వత్రిక ఆరోగ్య బీమా పెట్టింది. ఒక మనిషికి రోజుకు రూపాయి చొప్పున ఏడాదికి 365, అయిదుగురున్న ఇంటికి 548. ఆసుపత్రిలో చేరితే 30,000 దాకా ఇచ్చేవారు. పేదలకు 100 రూపాయలు తగ్గింపు. మరుసటేడు దాన్ని పేదలకే పరిమితం చేసి తగ్గింపు పెంచితే, అయిదుగురి ఇంటికి 248 పడింది. చవకే. అయినా వారం మజూరీతో బియ్యం, నూనె తెచ్చుకునే ఇంట్లో, ఇంకా రాని జబ్బు కోసం అంత సొమ్ము ఒకేసారి తీసి కట్టడం ఎంత కష్టమో మజూరీ పుస్తకం రాసినవాడికి తెలుస్తుంది. చేరినవాళ్లు తక్కువే.

2005 చివర్లో నేత కార్మికుల కోసమే ఒక పథకం వచ్చింది. బీమా సంస్థ ఐసీఐసీఐ లాంబార్డ్. కుటుంబానికి ప్రీమియం 1,000 అయితే అందులో 800 కేంద్రానిది, 200 నేతగాడిది. భార్యాభర్తలకు, ఇద్దరు పిల్లలకు కలిపి ఏడాదికి 15,000. ఆదాయంలో సగమైనా మగ్గం మీద వచ్చేవాళ్లు అర్హులు. మొత్తం చిన్నదే, కానీ లోపల పద్దులు చూడండి. ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికి 7,500, అందులో పాత జబ్బులూ కలిసే ఉన్నాయి. కాన్పుకు 2,500. ఆయుర్వేదం, హోమియోలకు 4,000. పళ్లకు 250. కంటి చికిత్సకు 75, కళ్లద్దాలకు 250.

ఆ చివరి పద్దు చూసి నాకు కళ్లు చెమర్చాయి. దాన్ని చేర్చినవాళ్లు ఎవరోగానీ మగ్గం ఎరిగినవాళ్లు. తెగిన పోగును వెతికి అతకాలన్నా, అచ్చులోంచి పడుగు పోగులు ఒక్కొక్కటే లాగాలన్నా చూపే పెట్టుబడి. నలభై దాటాక చూపు మందగిస్తే సన్న నూలు వదిలి ముతక నూలుకు దిగాల్సిందే, మజూరీ కూడా దాంతోపాటే దిగుతుంది. ఎంత పనిమంతుడైనా అంతే. అద్దాలు పెట్టుకుంటే ఇంకో పదేళ్లు పాత రకమే నేస్తాడు.

ఆ తర్వాత పెద్ద జబ్బులకు రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, 2008 జూలైకల్లా ఉమ్మడి రాష్ట్రమంతా విస్తరించింది. గుండె ఆపరేషన్ కోసం ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకుని ఎదురుచూసే రోజులు అంతకుముందువి. ఆరోగ్యశ్రీకి అప్పట్లో తెల్ల రేషన్ కార్డు ఉంటే సరిపోయేది, పేదవాడు ప్రీమియం కట్టాల్సిన పని లేకపోయింది. కుటుంబానికి లక్షన్నర, అవసరమైతే మరో 50,000. ఆసుపత్రి గుమ్మంలో దారి చూపడానికి ఆరోగ్యమిత్ర. మగ్గం తాకట్టు పడకుండా గుండెకు కోత పడటం మా వాళ్లకు అదే మొదలు. ఆ మేలు ఎన్నటికీ మరువలేనిది.

అయితే పెద్ద జబ్బుల పథకం నిలిచి, చిన్న జబ్బుల పథకం పోయింది. 2014లో నేత కార్మికుల బీమాను, పేదల కోసం కేంద్రం నడిపిన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజనలో కలిపేశారు. కళ్లద్దాలు మళ్లీ కంటి వెలుగు పేరుతో, తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చాయి. సంతోషమే. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో తెలంగాణ 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. అదీ మంచిదే. కానీ గుంట మగ్గంలో కాళ్లు దించి పొద్దంతా కూర్చునేవాడి నడుం నొప్పికి, దగ్గుకు, మోకాళ్లకు ఆసుపత్రిలో చేరాల్సిన దశ వచ్చేదాకా ఆ లక్షలు అక్కరకు రావు. 2005లో ఇంటికి 7,500 చొప్పున ఇచ్చిన ఆ బయటి వైద్యపు పద్దును ఇప్పటి ధరలకు తగ్గట్టు పెంచి, ఇప్పటి రాష్ట్ర ఆరోగ్య పథకాల్లోనే చేర్చమని అడుగుతున్నాను.