ఉండవల్లి: కొండకీ కృష్ణకీ నడుమ

విజయవాడ నుంచి ప్రకాశం బ్యారేజీ దాటి, సీతానగరం దగ్గర కుడిచేతి వైపు తిరిగితే ఉండవల్లి వస్తుంది. గుహలు చూసి, ఫొటోలు దిగి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. ఆ కొండ దిగువనున్న నేలను మాత్రం ఎవరూ సరిగ్గా చూడరు. నా దృష్టిలో ఈ ఊరి చరిత్రకు అసలు మూలం ఆ నేలే.

అయినా కథ కొండతోనే మొదలుపెట్టాలి. ఇసుకరాతి కొండను తొలిచిన నాలుగంతస్తుల గుహాలయం ఇది. 4, 5 శతాబ్దాల నాటిదనీ, విష్ణుకుండినుల కాలపుదనీ ఎక్కువమంది చెబుతారు. 7వ శతాబ్దానిదనే చరిత్రకారులూ ఉన్నారు. మూడో అంతస్తులో శేషశయనుడైన అనంతపద్మనాభుడు ఒకే రాతిలో పవళించి ఉంటాడు. కింది అంతస్తు పూర్తి కాలేదు. ఉలి ఆగిన చోట స్తంభాలు ఇంకా మొరటుగానే ఉన్నాయి. నది అవతల మొగల్రాజపురం కొండల్లోనూ ఇలాంటి గుహలే ఉన్నాయి.

ఇక్కడ కృష్ణ రెండు కొండల మధ్య ఇరుకుగా పారుతుంది. తర్వాత వచ్చిన మార్పులన్నిటికీ ఆ ఇరుకే కారణం. 1832–33 నాటి నందన కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది. అన్నం దొరక్క జనం దారుల్లోనే రాలిపోయారు. ఏటి పక్కనే బతుకుతూ నీళ్లు పొలానికి రాక చచ్చిపోవడం కంటే ఘోరం ఏముంటుంది? ఆ గాయం మానకముందే 1852లో ఆ ఇరుకు దగ్గరే ఆనకట్ట పని మొదలై, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో 1855కి పూర్తయింది. సీతానగరం వైపు నుంచి పడమటి కాలువ బయల్దేరింది. దుగ్గిరాల, కొమ్మమూరు కాలువ, పెదగంజాం మీదుగా బకింగ్‌హాం కాలువలో కలిసింది. ఆ దారిన పడవలు మద్రాసు దాకా సరుకు మోశాయి. 1893లో రైలు వంతెన వచ్చింది. 1952లో ఆనకట్టకు గండి పడడంతో కొత్త కట్టడం తప్పలేదు. టంగుటూరి ప్రకాశం పంతులు కన్నుమూసిన 1957లోనే, డిసెంబరులో, ఆయన పేరిట బ్యారేజీ రోడ్డు తెరుచుకుంది. విజయవాడ మార్కెట్టు అలా ఉండవల్లికి గుమ్మం ముందుకొచ్చింది.

గుంటూరు జిల్లా అంటే నల్లరేగడి, పత్తి, మిర్చి గుర్తొస్తాయి. ఉండవల్లి, పక్క ఊరు పెనుమాక పొలాలు వేరు. ఇవి జరీబు భూములు. కొద్ది అడుగులు తవ్వితే నీరు పడుతుంది. అరటి, కంద, కూరగాయలు, పూలు, ఏడాది పొడవునా ఏదో ఒక పంట చేతికొస్తుంది. ఉదయం కోసింది మధ్యాహ్నానికి అవతలి గట్టున అమ్ముడుపోతుంది.

అందుకే 2015లో రాష్ట్ర రాజధాని కోసం భూసమీకరణ మొదలైనప్పుడు ఈ రెండు ఊళ్లలో చాలామంది రైతులు సంతకం పెట్టలేదు. జరీబుకు ఎకరాకు వెయ్యి గజాల నివాస స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం, ఏటా 50 వేల కౌలు ఇస్తామన్నారు. కొందరు ఇచ్చారు, కొందరు కోర్టుకెక్కారు. రోజూ పంట డబ్బు చూసే రైతుకు ఆ లెక్క కుదరకపోవడంలో నాకు మొండితనం కనిపించదు.

కొండవీటి వాగు సమస్య మరొకటి. కృష్ణ నిండుగా ఉంటే వాగు నీరు ఏట్లోకి పోలేక పొలాల మీద పడుతుంది. దాన్ని తోడిపోయడానికి 2018లో ఉండవల్లి దగ్గర 5,000 క్యూసెక్కుల ఎత్తిపోతల పథకం ప్రారంభించారు. ఏటి వరద మాత్రం పంపులకు లొంగేది కాదు. 2009 అక్టోబరులో బ్యారేజీ దగ్గర అది సుమారు 11 లక్షల క్యూసెక్కులకు చేరింది. 2024 సెప్టెంబరులో 11.43 లక్షలకు చేరి ఆ రికార్డూ చెరిగిపోయింది. కరకట్టకూ ఏటికీ మధ్యనున్న కట్టడాల్లోకి నీళ్లొచ్చాయి.

2021లో మంగళగిరి–తాడేపల్లి నగరపాలక సంస్థ ఏర్పడడంతో పంచాయతీ పోయి ఉండవల్లి నగరంలో భాగమైంది. ఇప్పుడు అరటితోటల పక్కనే అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. జరీబు చేలల్లో కందా పూలూ పండుతూనే ఉన్నాయి.