ఫోటో కింద పేరు లేని మనవాళ్లు

కోయిలకుంట్ల అనగానే మన ప్రాంతంలో ముందుగా గుర్తొచ్చేది ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. 1846 జూలైలో ఆయన దండు ఇక్కడి ఖజానా మీద పడింది. 1847 ఫిబ్రవరి 22న కంపెనీ ప్రభుత్వం ఆయన్ని ఇక్కడే ఉరి తీసింది. ఆయన ఫోటో ఒక్కటీ లేదు. అయినా పాటల్లో, కథల్లో ఆయన పేరు నేటికీ నిలిచే ఉంది. మన తాతముత్తాతల సంగతి దీనికి తలకిందులు. వాళ్ల ఫోటోలు అక్కడక్కడా ఉన్నాయి, పేర్లే లేవు.

1909లో మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వెలువరించాడు. చెంచులు, ఎరుకలవారు, యానాదులు, లంబాడీలు అందులో ఉన్నారు. మనుషుల తలలను, ముక్కులను కొలిచి రాసుకున్న కాలం అది. చాలా ఫోటోల కింద తెగ పేరే ఉంటుంది గానీ మనిషి పేరు ఉండదు. 1940లో హైమెన్‌డార్ఫ్ కృష్ణకు అవతల, నిజాం రాజ్యంలోని చెంచుల మధ్య గడిపాడు. 1943లో ఆయన పుస్తకం వచ్చింది. అందులో అడవిలోని రోజువారీ బతుకు కొంతైనా కనిపిస్తుంది. ఆయన తీసిన ఫోటోలు ఇప్పుడు లండన్‌లో ఉన్నాయి.

మరి మన తెలుగు పత్రికలు? కోయిలకుంట్ల అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో భాగం. ఆంధ్రపత్రిక 1914 నుంచి, ఆంధ్రప్రభ 1938 నుంచి మద్రాసులో దినపత్రికలుగా వెలువడ్డాయి. ఆ రోజుల్లో పేపర్లో ఫోటో వేయడం తేలిక కాదు. ఫోటోను సన్నని గళ్ల తెర గుండా మళ్లీ తీసి, జింకు రేకు మీద ఆమ్లంతో చెక్కించి, చుక్కల అచ్చు చేయాలి. దాన్ని బ్లాకు అనేవారు. బ్లాకుకు ఖర్చు ఎక్కువ. అందుకే ఒక నాయకుడి బ్లాకు ఒకసారి చేయిస్తే దాన్నే మళ్లీ మళ్లీ వాడేవారు. పల్లె నుంచి విలేకరి పంపేది ఉత్తరమే, అచ్చయ్యేది నాలుగు పంక్తులే.

ఆ నాలుగు పంక్తుల్లోకైనా మనం ఎలా వచ్చాం? 1911 నాటి నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలవారితో సహా ఎన్నో తెగలను పుట్టుకతోనే దొంగలుగా ముద్రవేశారు. వేలిముద్రలు తీసుకున్నారు, పోలీసుల ముందు హాజరు వేయించుకోమన్నారు. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. కాగితం మీద రద్దయినా, మనుషుల చూపులో ముద్ర అంత త్వరగా పోలేదు.

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది. నెహ్రూ వచ్చారు, కెమెరాలు వచ్చాయి, ఊరంతా డేరాలు లేచాయి. 1956 నవంబరు 1 దాకా మన జిల్లాయే రాజధాని జిల్లా. అయినా కెమెరా చూపు వేదిక మీదా, పూలదండల మీదే. మనవాళ్లు ఫోటోకెక్కితే అది పెద్దల ముందు ఆడిన ఆటకే. నల్లరేగడి చేలో జొన్న కోసిన చేతులు, ఈతాకుతో బుట్ట అల్లిన వేళ్లు, పేటియా, కాంచళి కట్టుకుని కట్టెల మోపుతో సంతకు నడిచిన సుగాలి అవ్వలు, అహోబిలం అడవిలో తేనె తీసిన చెంచు తాతలు ఫోటోలకు ఎక్కలేదు. ఇవన్నీ రోజూ జరిగేవే కాబట్టి వార్త కాలేదు.

కానీ పత్రిక తీయని ఫోటోను స్టూడియో తీసింది. పెళ్లికో, తిరునాళ్లకో వెళ్లినప్పుడు రంగుల తెర ముందు, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని బిగుసుకుపోయి కూర్చున్న ఆ ఫోటోలే మన పత్రిక. "ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుంది" అని భయపడుతూనే దిగినవాళ్లున్నారు.

మా ఇంట్లో అలాంటిదొకటి ఉంది. నలుగురు ఆడవాళ్లు వరుసగా నిలబడ్డారు. ముగ్గురెవరో మాకు తెలుసు. నాలుగో ఆమె ఎవరో మా అవ్వకు మాత్రమే తెలుసు. అడుగుదాం, అడుగుదాం అనుకుంటూనే ఉన్నాం. అవ్వ పోయింది. ఇప్పుడు ఆ నాలుగో ఆమె థర్‌స్టన్ పుస్తకంలోని మనిషిలాగే అయిపోయింది. ఈసారి ఆ తప్పు దొరదీ కాదు, పత్రికదీ కాదు. మాదే.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈ పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు ట్రంకుపెట్టె తెరవండి. ఫోటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే పీకకండి, అలాగే ఫోన్‌తో తీయండి. పెద్దవాళ్ల పక్కన కూర్చుని అడగండి: ఇది ఎవరు, ఎక్కడ తీశారు, ఆ రోజు ఏం జరిగింది? ఆ చేతిగడియారం సొంతదా, స్టూడియోవాళ్లు ఇచ్చిందా అని కూడా అడగండి, నవ్వుతూ చెబుతారు. వాళ్ల మాటను వాళ్ల భాషలోనే రికార్డు చేయండి. ఫోటో వెనక మెత్తని పెన్సిల్‌తో పేరు, తండా లేదా గూడెం పేరు రాయండి.

నరసింహారెడ్డి పేరును ఫోటో లేకుండానే జనం నోళ్లు నిలబెట్టాయి. మన అవ్వల, తాతల పేర్లు నిలబెట్టడానికి మనకు ఫోటో ఉంది, ఫోన్ ఉంది. చెప్పగలిగినవాళ్లు ఇంకా కొందరు ఉన్నారు. వాళ్లుండగానే అడుగుదాం.