గుట్ట చూపిన దారి, ముల్లు చూపిన దిక్కు

దేశ పటాలను దిక్సూచే గీసిందనే నమ్మకం చాలామందిలో ఉంది. మన నేల చరిత్ర అలా చెప్పదు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసులో మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే నిజాం రాజ్యానికి చేరాక, కృష్ణా గోదావరుల నడిమి పని జార్జ్ ఎవరెస్ట్ చేతికి వచ్చింది. ఒక గుట్ట మీది నుంచి మరో గుట్టను థియోడలైట్‌తో చూసి కోణం కొలవడమే ఆ పద్ధతి. అంత ఖచ్చితమైన లెక్కను అయస్కాంతపు ముల్లుకు వదిలితే చెల్లదు. దిక్కు ఒక్క డిగ్రీ తప్పినా పది కిలోమీటర్లు పోయేసరికి సుమారు 175 మీటర్లు పక్కకు జరుగుతాం. ఊళ్ల పొలాలను కొలిచిందీ గొలుసు, లంబకోణం పట్టే క్రాస్ స్టాఫే.

అలాగని దిక్సూచిని దండగ అనలేం. జనగామ మెట్టల్లో రాతి గుట్టలు దూరం నుంచే ఆనవాలు చెబుతాయి కనుక, అక్కడ దాని అవసరం తక్కువ. భూపాలపల్లి టేకడవిలో నాలుగడుగుల అవతల ఏముందో కనబడదు. కృష్ణా గోదావరుల నడిమి అడవుల్లో 1819లో ఎవరెస్ట్‌ను చెట్లూ జ్వరమూ కలిసి ఆపేశాయి. యెల్లాపురం దగ్గర బృందమంతా మంచం పట్టింది. ఆయన కోలుకోవడానికి 1820లో దక్షిణాఫ్రికాలోని కేప్‌కు వెళ్లాడు. చూపు ఆగిన అలాంటి చోట బేరింగ్, అంటే ఉత్తరం నుంచి కొలిచిన కోణం, పట్టి, అడుగులు లెక్కబెడుతూ నడిచేవాడికి ముల్లే ఆధారం. అడవిలో పుట్టిన కోయలకు దిక్సూచి అక్కర్లేదు కదా అనవచ్చు. నిజమే, వాగూ బండా వాళ్లకు దారి చెబుతాయి. ఆ ఎరుక ఏళ్ల తరబడి అక్కడ తిరిగినవారి సొత్తు. కొత్తగా వచ్చినవాడికి అది ఒక్కరోజులో రాదు, మబ్బు పడితే ధ్రువ నక్షత్రమూ దొరకదు.

ముల్లుకూ హద్దుంది. మహబూబాబాద్ జిల్లా బయ్యారం ఇనుప ఖనిజానికి పేరుపడింది. ఆ రాయిలో అయస్కాంత గుణమున్న మాగ్నటైట్ పాలు ఎక్కువైనచోట ముల్లు ఉత్తరం వదిలి పక్కకు తిరుగుతుంది. ఫోనుంటే చాలదా అంటారా? అది ఉపగ్రహాల సాయంతో మనమున్న చోటు చెబుతుంది. నిలబడి ఉన్నప్పుడు దిక్కు చూపేది మాత్రం దానిలోని అయస్కాంత సెన్సరే, అదీ ఇనుముకు లోబడేదే. పైగా అడవి మధ్యలో ఛార్జింగ్ అయిపోతే ఆ సాయమూ ఉండదు.

1950 నుంచి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ పిల్లలకు పటమూ దిక్సూచీ నేర్పుతోంది. జనగామ, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల ఉపాధ్యాయులు ముందు గుట్టనూ వాగునూ గుర్తుపట్టడం నేర్పాలి, ఆ తర్వాతే దిక్సూచి చేతికివ్వాలి. ముల్లు ఎక్కడ తప్పుతుందో తెలిసినవాడికే అది పనికొస్తుంది.