పాత యంత్రానికి దుబాసీ

పోస్ట్ ప్రాసెసర్ అనగానే మన బ్లాగర్లకు టపా స్ఫురించడం సహజం. ఈ పోస్టు వేరు. ‘తరువాత’ అనే అర్థంలో వచ్చిన ఉపసర్గ. కటర్ లోహాన్ని ఏ దారిలో కోయాలో కంప్యూటరు లెక్క కట్టిన తరువాత, ఆ లెక్కను ఫలానా మిల్లింగు యంత్రానికి అర్థమయ్యే సంకేతాలుగా మార్చే ప్రోగ్రాం అది. దుబాసీ అన్నమాట.

దాని పుట్టుక అమెరికాలో. మిషిగన్ రాష్ట్రంలోని ట్రావర్స్ సిటీలో హెలికాప్టరు రెక్కలు చేసిన జాన్ పార్సన్స్, వంపు ఆకృతులను అంకెల ఆధారంగా కోయించవచ్చని తలచాడు. 1949లో వైమానిక దళం ధనమిచ్చింది. 1952లో ఎమ్.ఐ.టి. వారు సిన్సినాటి హైడ్రోటెల్ అనే యంత్రాన్ని చిల్లుల కాగితపు టేపుతో నడిపి చూపారు. యంత్రం కదిలింది గానీ, ఆ టేపు తయారుచేయడం పెద్ద యాతన. దానిని తగ్గించడానికి అక్కడే డగ్లస్ రాస్ నాయకత్వాన ఎ.పి.టి. అనే భాష రూపొందింది. 1959 ఫిబ్రవరిలో దానిని ప్రకటించినప్పుడు, ఆ పద్ధతిలో కోయించిన అల్యూమినియం ఆష్‌ట్రేలను విలేఖరులకు కానుకగా ఇచ్చారు.

నాకు ఆష్‌ట్రేకంటె ఆ భాషలోని విభజన అబ్బురంగా తోచింది. మొదటి భాగం కటర్ నడకను మాత్రమే నిర్ణయిస్తుంది. దానికి ఏ యంత్రమూ తెలియదు. యంత్రానికొక మాండలికం ఉంటుంది కనుక, ఆ సంగతి చూసుకునే పని విడిగా పోస్ట్ ప్రాసెసర్‌కు అప్పగించారు. వైయాకరణులు మెచ్చవలసిన ఏర్పాటు.

తరువాత ప్రమాణాలు రాకపోలేదు. అమెరికాలో ఆర్.ఎస్. 274-డి, 1982లో అంతర్జాతీయంగా ఐ.ఎస్.ఓ. 6983 వచ్చాయి. అక్షరమాల ఒకటైంది, పలుకుబడి ఒకటి కాలేదు. కొన్ని సంకేతాలకు అర్థం నిర్ణయించకుండా ప్రమాణమే వదిలివేసింది. యూనికోడ్‌కు ముందు పత్రికకొక ఫాంటు, ఫాంటుకొక మార్పిడి ఉపకరణం ఎరిగిన మీకు ఇంతకంటె వివరించనక్కరలేదు.

దశాంశ బిందువునే చూడండి. చాలా పాత ఫనక్ కంట్రోలర్లలో ఎక్స్ తరువాత 100 రాసి చుక్క పెడితే నూరు మిల్లీమీటర్లు. చుక్క లేకుంటే నూరు మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదోవంతు. ఒక్క సున్న చేరితే మడి మండి అయ్యే భాష మనది, ఆశ్చర్యపడము. మరికొన్ని యంత్రాలకు వృత్తాన్ని ఏకబిగిన చెప్పకూడదు. పాదాలుగా విరిచి చెప్పాలి, పద్యంలాగ. నేటి క్యామ్ ప్రోగ్రాంలు జాబ్ మూలబిందువును జి54తో చెబితే, కొన్ని పాత యంత్రాలకు జి92 తప్ప తెలియదు. ఇక వాటి జ్ఞాపకశక్తిని టేపు పొడవులో కొలిచేవారు. 80 మీటర్లంటే సుమారు 32 వేల అక్షరాలు. నేటి ప్రోగ్రాం లక్షల వరుసలుంటుంది కనుక, సీరియల్ కేబుల్ ద్వారా ఉగ్గుపాలలాగా కొంచెం కొంచెంగా పోయాలి.

నా పూర్వ విద్యార్థి ఒకడు బాలానగర్‌లో చిన్న వర్క్‌షాపు నడుపుతున్నాడు. 1980ల నాటి మిల్లింగు మిషనును అప్పు చేసి సెకండ్‌హ్యాండులో కొన్నాడు. ఇనుము దిట్టంగా ఉంది, కొత్త క్యామ్ మాట మాత్రం దానికెక్కదు. కంట్రోలర్ మార్చాలి, లేదా తుక్కుకు అమ్మాలి అన్నాడొక వ్యాపారి. మార్చడానికయ్యే ఖర్చు మిషను ధరను మించిపోయింది.

“మాస్టారూ, తాళపత్రాల పాఠాలు పోల్చేవారు కదా, అదే చేశాను” అన్నాడు. మిషనుతో వచ్చిన కాగితాలలో ఒకప్పుడు సరిగా నడిచిన ప్రోగ్రాం దొరికింది. ఫ్యూజన్ 360లో పోస్ట్ ప్రాసెసర్లు జావాస్క్రిప్టులో రాసినవి, విప్పి దిద్దుకోవచ్చు. సామాన్య ఫనక్ పోస్టుతో అదే జాబ్‌కు కొత్త ప్రోగ్రాం తీయించి, రెండింటినీ వరుస వరుసకూ పోల్చి, పాఠభేదం కనబడిన ప్రతిచోటా మాన్యువల్ చూసి దిద్దాడు. తొలిసారి కటర్‌ను జాబ్‌కు ఎంతో పైన నిలిపి గాలిలోనే తిప్పించాడట. ఆ తరువాతే లోహం మీదికి దించాడు.

పారామీటర్లన్నీ నోటుపుస్తకంలోకి ఎక్కించుకొమ్మన్నాను. లోపలి బ్యాటరీ పోతే యంత్రం వాటిని మరచిపోతుందని చెప్పింది అతడే. సగం రాశాడట, మిగతా సగం ఈ ఆదివారం.